పదిహేడో నంబరు పచ్చ చుక్క

బుధవారం పొద్దున ఎనిమిదీ అయిదుకు మేకలబండ మహిళా సంఘం గదిలో, గోడ మీది బోర్డు ముందు నిలబడి ఉన్నాం, నేనూ సీఐ రాఘవేందరూ. బోర్డంటే ఒక పెద్ద టీవీ. దాని మీద నలభై రెండు పేర్లు, పేరు పక్కన ఒక్కో చుక్క. పొద్దున్నే వేలు గుచ్చుకుని చక్కెర చూసుకున్నవాళ్ల చుక్క పచ్చగా వెలుగుతుంది, కింద ఆ రోజు మొదటి అంకె పడుతుంది. ఎనిమిదైనా చూసుకోకపోతే ఎర్రబడుతుంది. ఎర్ర చుక్క పడిందంటే చుట్టుపక్కల ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వెళ్లి ఆ ఇంటి తలుపు కొడతారు. అలా తలుపులు కొట్టి రెండేళ్లలో ముగ్గురిని బతికించుకున్నారు. డాక్టరు ఎప్పుడొస్తాడా అని కూర్చోకుండా తమ ఒంటి సంగతి తామే చూసుకోవడం ఈ ఊరికి నేర్పింది పదిహేడో నంబరు మనిషి.

పదిహేడో నంబరు శోభ. వయసు ముప్పై ఆరు, పెళ్లి కాలేదు, తల్లితో ఉంటుంది. తొమ్మిది రోజుల కింద, సోమవారం సాయంత్రం అయిదూ నలభై అయిదుకు ఇంట్లోంచి బయలుదేరింది. ఆరూ ఇరవైకి ఫోన్ ఆగిపోయింది. మనిషి తిరిగి రాలేదు. కానీ మర్నాటి నుంచి ఇవాళ్టిదాకా, తొమ్మిది పొద్దులూ, ఆమె చుక్క పచ్చగానే ఉంది.

"చూస్తున్నవ్ గదా సిస్టర్?" అన్నాడు రాఘవేందర్, లాఠీ కొసతో ఆ చుక్కను చూపిస్తూ. "ఇయ్యాల తొంభై అయిదు. నాకంటే మంచిగుంది చక్కెర. మనసు మంచిగుంటేనే చక్కెర మంచిగుంటది. యాడనో సుఖంగ ఉంది."

నన్ను సిస్టర్ అని పిలవడం ఆయనకు సరదా. పన్నెండేళ్లు దవాఖానలో నర్సుగా చేసి, తర్వాత బుద్వేల్‌లో అనుపమ డిటెక్టివ్ సర్వీసెస్ అని బోర్డు పెట్టినదాన్ని. రోగులకు సూదులు గుచ్చడం మానేసి పోలీసులకు గుచ్చుతున్నానని ఆయన బాధ. చెడ్డవాడేం కాదు. అలసిపోయినవాడు. రిటైర్మెంట్‌కి రెండేళ్లుంది, కేసు మూసెయ్యడానికి దొరికే ఏ కారణమైనా ఆయన కంటికి పండిన మామిడిలా కనిపిస్తుంది.

"సార్, శోభ పద్నాలుగో ఏట నుంచి ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి," అన్నాను. సంఘం గది తాళం తీసే రేణుకమ్మను అడిగి శోభ నెల రోజుల అంకెలు తెప్పించాను. "ఇగో, పోయిన వారానికి ముందు జూడున్రి. నూట యాభై ఆరు, నూట ఇరవై, రెండు వందలు, ఒకనాడు డెబ్భై. ఎక్కుతది, దిగుతది. ఆమె పోయినంక తొంభై నాలుగు, తొంభై ఏడు, తొంభై ఒకటి. తొమ్మిది రోజులు వంద దాటలే. గట్ల ఎట్ల వస్తది?"

"పత్యం జేస్తున్నదేమో."

"టైం జూడున్రి. అప్పుడు రోజూ అయిదున్నరకు. ఇప్పుడు ఆరూ పదికి."

"కొత్త జాగ గదా. లేటుగ లేస్తున్నదేమో." తన జోకుకు తానే నవ్వుకున్నాడు. రేణుకమ్మ నవ్వలేదు.

"ఫోన్ బందైతే మీటర్ అంకె ఎట్ల పంపుతది సార్?"

"కొత్త ఫోన్ కొన్నదేమో. అడుగుదమంటే గీ యవ్వారంల మనిషి యాడుందో రాయరట! చక్కెర ఎంతుందో చెప్తం గని యాడున్నమో చెప్పం అని మీటింగు పెట్టి చేతులెత్తిన్రట అందరు. పూర్తి రికార్డు జూపియ్యమంటే, ఆమె గాని, ఆమె రాసిచ్చిన నమ్మకస్తులు గాని తెరవాల్నట. లేకుంటే కోర్టు కాయితం కావాల్నట. ఎవరి ఒంటి సంగతి వాళ్లదేనట. నేర్పింది గూడ మీ శోభనే." లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "మేజర్ ఆడమనిషి, తన ఇష్టంతోని పోయింది. రోజూ నేను బతికే ఉన్న అని జెప్తున్నది. నేను ఎతికేది ఏముంది?"

ఆయన వెళ్లిపోయాడు. ఊరంతా ఆయన మాటే నమ్మింది. నమ్మాలనిపించేలా ఉంది ఆ చుక్క. నమ్మనిది ఒక్క మనిషి, శోభ తల్లి ముత్తమ్మ. మూడు రోజుల కింద రెండు బస్సులు మారి బుద్వేల్ వచ్చి, నా కుర్చీ ముందు నిలబడే ఉండి, "నా బిడ్డను ఎతుకు తల్లీ" అని పది సార్లు అంది. చుక్క మాట ఒక్కసారీ ఎత్తలేదు. రోజూ కూతురు బతికుందని గోడ మీద వెలుగుతుంటే, తల్లి దాని పేరు కూడా ఎత్తకపోవడం ఏమిటి? అది నాకు అప్పటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

రేణుకమ్మ నా పక్కకు వచ్చింది. "మేడం, పోయే ముందటి రోజు శోభ గీ కుర్చీల కూసొని ఒక్కటే తీరుగ బోర్డు జూసింది. ఇన్సులిన్ తీసుకునేటోళ్లు పదకొండు మందిమి. అందరి చక్కెర ఒక్కపారే పైకి వోయింది. సూది తీసుకుంటున్నరా లేదా అని ఇంటింటికి తిరిగి అడిగింది. అందరం తీసుకుంటున్నమనే జెప్పినం."

"ఎప్పటి సంది పైకి పోయింది?"

"ఈ నెల అయిదో తారీఖు సంది."

"ఆ ఇన్సులిన్ ఎవరిచ్చిన్రు?"

"మధు. గగన్‌పహాడ్‌ల మందుల గోదాం ఉంది గదా, ఆయన. మనూరి పిలగాడే, తక్కువకు ఇస్తడని అందరం ఆడనే తెచ్చుకుంటం."

శోభ ఫోన్ నుంచి వెళ్లిన చివరి కాల్ కూడా మధుకే. సోమవారం అయిదూ నలభై రెండు.

* * *

తొమ్మిదిన్నరకు గగన్‌పహాడ్‌లో దిగాను. గోదాం దారి అడగడానికి ఒక వెల్డింగ్ షాపు దగ్గర ఆగితే, అడిగినదానికీ అడగనిదానికీ కలిపి చెప్పాడు షాపతను. ఈ నెల మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు రోజులు ఈ లైన్లో కరెంటే లేదట, పనంతా ఆగి పరేషాన్ అయ్యాడట. నేను చీటీ మీద రాసుకున్నాను.

మధుకు నలభై ఉంటాయి. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"శోభ ఏమని ఫోన్ చేసింది?"

"స్టాక్ గురించి అక్కా. పోలీసోళ్లకు గూడ జెప్పిన."

"ఏ స్టాక్?"

"ఇన్సులిన్."

"వచ్చిందా ఇక్కడికి?"

"ఆరింటికి వచ్చింది. ఆరూ పావుకు పోయింది. ఆటో ఎక్కంగ నేనే చూసిన."

"చేతిలో ఏముంది?"

"నీలం బ్యాగు. మీటర్లు, సూదులు పెట్టుకొని తిరుగుతది గదా, గదే."

"పావుగంట ఏం మాట్లాడింది?"

"ముచ్చట్లు. మా అమ్మ ఎట్లుంది, గిట్లాంటివి."

లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. ఇన్సులిన్ దాచే పెద్ద ఫ్రిజ్, లోపల ఖాళీ, కొత్తగా తుడిచిన సబ్బు వాసన. తలుపు మీద వేడి రాసే కాగితం అంటించి ఉంది. రోజుకు రెండు సార్లు, ఒకటో తారీఖు నుంచి నాలుగో తారీఖు దాకా, ఒకే పెన్నుతో, ఒకే వంపుతో నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు. అయిదో తారీఖు నుంచి పెన్ను మారింది, అంకెలు కూడా మూడున్నర, అయిదు అంటూ కాస్త అటూ ఇటూ కదిలాయి.

"కరెంటు లేని నాలుగు రోజులు గూడ నాలుగు డిగ్రీలే ఉన్నదా మధూ?"

"జనరేటర్ ఉందక్కా."

"జర చూపిస్తవా?"

మధు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "రిపేరుకు ఇచ్చిన." ఆ తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకు కొంచెం ఆలస్యమైంది.

నర్సుగా చేసినదాన్ని, నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇన్సులిన్ మండే వేడికి పాడైతే చూడ్డానికి అలాగే ఉంటుంది, సూదిలోకి అలాగే ఎక్కుతుంది. ఒంట్లో పని మాత్రం సగమే చేస్తుంది. పదకొండు మంది పేదవాళ్ల అంకెలు ఒకేసారి పైకి లేస్తే, ఏ పెద్ద ఆఫీసూ చూడని దాన్ని చూసింది శోభ ఒక్కతే. చూసి, నేరుగా అడగడానికి ఇక్కడికే వచ్చింది. ఊరివాడు కదా అని నమ్మి వచ్చి ఉంటుంది.

"గా చుక్క ఇయ్యాల గూడ పచ్చగనే వచ్చిందట గదా అక్కా?" అన్నాడు మధు నేను గడప దాటుతుంటే. "అది ఏ మీటర్ నుంచి వస్తుందో ఎర్కైందా?"

ఆగి వెనక్కి చూశాను. ఈ మూడు రోజుల్లో ఎవరిని కదిపినా "బతికే ఉంది" అన్నారు, "ఎక్కడుందో" అన్నారు. ఏ మీటరు అని అడిగింది ఇతనొక్కడే.

"ఎందుకు మధూ?"

"ఊకెనే."

* * *

పదిన్నరకు ముత్తమ్మ ఇంటికి చేరాను. రెండు గదుల రేకుల ఇల్లు, పక్కన తోటకూర మడి, మడి అవతల ఎయిర్‌పోర్టు గోడ. అరవై రెండేళ్ల ముత్తమ్మ ఆ మడి మీదే బతుకుతోంది. నన్ను చూడగానే చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దొరికిందా బిడ్డా?"

"ఇంక లేదమ్మా. శోభ గది జర చూస్త."

చిన్న గది. మంచం మీద దుప్పటి మడత విప్పలేదు. అల్మారాలో సంఘం వాళ్ల ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉంది, పచ్చ లైటు మిణుకుమంటోంది. నలభై రెండు మందిలో చాలామంది మీటర్లు తమ ఫోన్లకు అంకె పంపిస్తాయి, శోభ మీటరు ఈ ట్యాబ్‌కు కూడా పంపుతుంది, ట్యాబ్ దాన్ని బోర్డుకు చేరుస్తుంది. ట్యాబ్ ఉంది. మీటరు మాత్రం కనిపించలేదు. ట్యాబ్ పక్కనే రక్తం చుక్క వేసే పట్టీల డబ్బా ఉంది.

డబ్బా మూత మీద శోభ పెన్నుతో తేదీ వేసుకుంది. తెరిచిన రోజు రాసుకోవడం మంచి నర్సులకు ఉండే అలవాటు. ఆమె మాయమైన సోమవారం తేదీ అది. కొత్త డబ్బాలో యాభై పట్టీలుంటాయి. మంచం మీద పోసి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిదే.

సోమవారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, బయలుదేరే ముందు ఒకటి. మూడు. మిగతా తొమ్మిది?

చాయ్ తీసుకుని ముత్తమ్మ గడపలో నిలబడి ఉంది. గ్లాసును నాలుగు వేళ్లతో పట్టుకుంది. ఎడమ ఉంగరపు వేలు మాత్రం గ్లాసుకు తగలనివ్వడం లేదు. ఆ వేలి కొస పచ్చగా ఉంది, పసుపు అద్దినట్టు.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"కూసో అమ్మా," అన్నాను. "చెయ్యి ఇటియ్యి."

ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. వేలి కొస మధ్యలో, మెత్తటి చోట, తొమ్మిది చిన్న చుక్కలు. కొన్ని మానాయి, ఇవాళ్టిది ఇంకా ఎర్రగానే ఉంది. చక్కెర ఉన్నవాళ్లెవరూ అక్కడ గుచ్చుకోరు. నొప్పి తెలియకుండా వేలి పక్కన గుచ్చుకోవాలని, రోజుకో వేలు మార్చాలని శోభ ఊరందరికీ నేర్పింది. తల్లికి చక్కెర లేదు కాబట్టి తల్లికి నేర్పలేదు.

"గిక్కడ గుచ్చుకుంటే నొస్తది గదమ్మా," అన్నాను.

ముత్తమ్మ తలుపు చెక్కకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"మంగళారం పొద్దున ఏడున్నరయింది బిడ్డా. దాని చుక్క ఇంక రాలే. ఎనిమిదయితే ఎర్రగయితది. ఆడోళ్లంత మా ఇంటికే ఉరికొస్తరు. మూడొద్దులు ఎర్రగుంటే పేరు తీసి పక్కకు పెడతరు. నా పెనిమిటి సచ్చిపోయిన్నాడు గంతే జేసిన్రు. రేషన్ కార్డుల పేరు తీసేసిన్రు, ఓటుల తీసేసిన్రు. ఒక్కొక్క కాయితంల ఒక్కొక్కసారి సచ్చిపోయిండు ఆయన. నా బిడ్డ పేరు నేను తియ్యనియ్య అనుకున్న."

"అందుకని నీ వేలు గుచ్చినవ్."

"అది రోజూ జేసేది సూసేదాన్ని గదా. వత్తంగనే నెత్తురొచ్చింది, అంకె పడ్డది. దాని పేరు పచ్చగయింది." ముత్తమ్మ నా కళ్లలోకి చూసింది. "సూసినంక ఎట్లుంటదో ఎర్కనా బిడ్డా? అది లేచి ఇంట్ల తిరుగుతున్నట్టే ఉంటది. పని మీద వోయింది, పొద్దుమీకి వస్తది అన్నట్టుంటది. రెండోనాటి సంది ఆరింటికే లేచి గుచ్చుకున్న."

"పోలీసులు నీ చుక్కను జూసే ఎతుకుడు ఆపిన్రమ్మా."

"ఎర్కయింది. మూడోనాడు ఎర్కయింది. అప్పుడు జెప్పాలంటే భయమైంది. ఆపాలంటే..." ముత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆపాలంటే పానం ఒప్పలే. అందుకే నీ కాడికొచ్చిన."

ఆమెను తిట్టాలి. ఒక కేసు తొమ్మిది రోజులు చచ్చిపోయింది ఆమె వల్ల. కానీ తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన నంబరుకు ఇప్పటికీ నెల నెలా రీఛార్జ్ చేయిస్తున్నాను. చేసి ఏం చేస్తానంటే ఏమీ లేదు, అప్పుడప్పుడూ కాల్ కలుపుతాను, అల్మారాలో ఆ ఫోన్ మోగుతుంది. మోగినంతసేపూ ఎత్తుతాడేమో అనిపిస్తుంది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ముత్తమ్మకు చెప్పాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"బాగుంది. శానా బాగుంది."

గుమ్మంలో రాఘవేందర్. మధు తన గోదాంలో నేను గొడవ చేశానని ఫోన్ చేశాడట, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. మొహం మాత్రం ఎర్రగా ఉంది.

"మీటర్ యాడుంది?"

ముత్తమ్మ లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన మీటరు తీసి ఇచ్చింది.

"పోలీసోళ్లను తొమ్మిది దినాలు పిచ్చోళ్లను జేసినవ్ గదనే ముసల్దానా! కేసు పెడితే ఏమయితదో ఎర్కనా?"

"సార్," అన్నాను లేచి. "ఆమెను అనేముందు ఒక్క మాట. నేను మూడు రోజులల్ల చూసిన పట్టీల డబ్బా మీ కాన్‌స్టేబుల్ తొమ్మిది రోజులల్ల చూడలే. తల్లి అబద్ధం చెప్పింది, నిజమే. నమ్మింది మీరు. నమ్ముడు మీకు సులువైంది."

దెబ్బ తగిలింది. ఆయన మీటరును జేబులో వేసుకున్నాడు, ఒక్క క్షణం కిందికి చూశాడు. "మళ్లీ షురూ చేస్త," అన్నాడు చిన్నగా. "మొదటి సంది. గని ముందుగల ఊరికి నిజం జెప్తా."

"ఇప్పుడే వద్దు. శోభను ఎవడన్న పట్టుకపోతే, వాడు గూడ ఆ చుక్కను చూస్తుంటడు. ఒక్క రోజు ఆగున్రి."

"నువ్వు జెప్తే ఆగాల్నా? తొమ్మిది రోజులు ఊరంత నా మాట నమ్మింది సిస్టర్. నా తప్పు నేనే జెప్పుకోవాలె, ఇంకొకలు జెప్తే మా స్టేషన్ పరువు పోతది." అప్పటికే ఆయన బొటనవేలు ఫోన్ మీద కదులుతోంది. పదకొండూ ఇరవైకి మేకలబండ వాట్సాప్ గ్రూపులో పడింది మెసేజ్. *పదిహేడో నంబరు చుక్క శోభది కాదు. ఆమె తల్లి ముత్తమ్మ తన రక్తంతో పంపినది. మీటరు స్వాధీనం చేసుకున్నాం. దర్యాప్తు కొనసాగుతుంది.*

జీపు వెళ్లిపోయింది.

* * *

"ఇగ రేపు ఎర్రగయితది," అంది ముత్తమ్మ గోడ వైపు చూస్తూ.

నాకు పొద్దున రాఘవేందర్ అన్న మాట గుర్తొచ్చింది. ఆమె గాని, ఆమె రాసిచ్చిన నమ్మకస్తులు గాని. శోభ ఎవరిని రాసి ఉంటుంది?

"అమ్మా, శోభ ఎప్పుడన్న నీ వేలిముద్ర తీసుకున్నదా?"

"పోయిన ఏడు గీ దాంట్ల ఏందో వత్తిచ్చింది. ఏందే అంటే, నాకేమన్న అయితే నువ్వే జూడాలె అమ్మా అన్నది. తిట్టిన దాన్ని, గట్ల మాట్లాడకు అని."

ట్యాబ్ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. కుడి బొటనవేలు ఆనించింది. తెరుచుకోలేదు. నలభై ఏళ్లు కూర కోసిన వేలు, గీతలు అరిగిపోయాయి. రెండోసారీ తెరుచుకోలేదు. వేలు కడిగి, కొంచెం కొబ్బరినూనె రాసి, తుడిచి మళ్లీ పెట్టించాను. తెర వెలిగింది.

శోభ పూర్తి రికార్డు. బోర్డు మీద రోజుకు మొదటి అంకె ఒక్కటే పడుతుంది. ఇక్కడ రోజులో ఎన్నిసార్లు చూసుకుంటే అన్నీ ఉంటాయి.

మంగళవారం, ఆమె మాయమైన మర్నాడు. ఏడూ ముప్పై నాలుగు, తొంభై నాలుగు. దాని కింద ఇంకొకటి ఉంది. ఏడూ యాభై, నూట ముప్పై ఎనిమిది.

బుధవారం. ఆరూ పది, తొంభై ఏడు. ఆరూ ముప్పై ఒకటి, నూట యాభై ఒకటి.

కిందికి జరిపాను. ప్రతి రోజూ రెండు. రెండోదాని పక్కన వేరే మీటరు నంబరు. ఫోన్ లేని ముసలివాళ్ల కోసం శోభ నీలం బ్యాగులో పెట్టుకు తిరిగే మీటరు అది. ఎవరి నంబరు కొడితే వాళ్ల పేరు మీద పోతుంది. దాంట్లోనే చిన్న సిమ్ ఉంటుంది, ఫోన్ అక్కర్లేదు. ఆమె ఫోన్ లాక్కున్నవాడికి ఆ సంగతి తెలియదు. మీటరు లేకపోతే చచ్చిపోతానని చెప్పి ఉంటుంది, వదిలేశాడు.

"రెండోది ఎవలది బిడ్డా?"

"నీ బిడ్డదే అమ్మా. బతికే ఉంది."

ముత్తమ్మ అరవలేదు, ఏడవలేదు. ఆ అంకెల మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు. "నేను గుచ్చుకున్నంక గింతసేపటికి అది గుచ్చుకుంటున్నదా?" అంది. "రోజూ?"

"రోజూ."

"నాతోనే లేస్తున్నదన్నమాట." నవ్వింది. ఈ మూడు రోజుల్లో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు. తొమ్మిది పొద్దులు కూతురు పిలుస్తూనే ఉందనీ, తల్లి చుక్క ముందు పడడం వల్లే ఆ పిలుపు ఎవరికీ వినపడలేదనీ నేను చెప్పలేదు. ఆ నవ్వును చెడగొట్టడం నా వల్ల కాలేదు.

మిగతా అంకెలు నాలో నేనే చదువుకున్నాను. మొదటి నాలుగు రోజులు నూట ముప్పైకీ నూట అరవైకీ మధ్య. బ్యాగులో ఉన్న తన సొంత ఇన్సులిన్, గోదాంలో కరెంటు పోకముందు కొన్నది. అది అయిపోయాక రెండు వందల ఇరవై తొమ్మిది. రెండు వందల ఎనభై ఏడు. మూడు వందల నలభై. నాలుగు వందలు. ఇవాళ నాలుగు వందల నలభై ఆరు. ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే ఈపాటికి మనిషి ఉండదు. ఇస్తున్నారు, అది సగమే పని చేస్తోంది. పదకొండు మంది అంకెలు పైకి ఎక్కినట్టే ఇవీ ఎక్కుతున్నాయి. పాడైన ఆ సరుకు ఎవడి దగ్గరుందో నాకు తెలుసు.

ఇంకో రెండు రోజులు. అంతకుమించి ఆ ఒళ్లు తట్టుకోదు.

రాఘవేందర్‌కు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. నాలుగు ముక్కల్లో చెప్పాను. అవతల జీపు ఆగిన చప్పుడైంది.

"గా సిమ్ యాడుందో కనిపెట్టనీకి రేపు మధ్యాహ్నం దాటుతది," అన్నాడు. గొంతులో ఇందాకటి బిగువు లేదు. "గోదాంల ఉందంటవా?"

"గోదాంల లేదు సార్, ఫ్రిజ్ వెనక దాకా చూసిన. ఇంకేడనో దాచిండు. వాన్ని ఇప్పుడే పట్టుకుంటే యాడుందో చెప్పడు, ఆమెకు సూది ఇచ్చేటోడు గూడ ఉండడు. ముందుగాల ఆ మెసేజ్ తీసెయ్యున్రి."

"ఎందుకు?"

"మీటర్ మీ జేబుల ఉంది. ఇగ రేపు ముత్తమ్మ చుక్క రాదు. శోభదే మొదటిది అయితది. బోర్డు మీద అదే పడతది."

ఆయనకు అర్థమైంది. మీటరు పోలీసులు తీసుకున్నారు కాబట్టి, రేపు పొద్దున పదిహేడో నంబరు పచ్చగా వెలిగితే అది తల్లిది కాదని ఊరందరికీ తెలుసు. శోభ దగ్గరున్న మీటరే మాట్లాడుతోందని ఆ మనిషికి తెలిసిపోతుంది. బోర్డు ఆపేద్దామంటే దాని పాస్‌వర్డు శోభ దగ్గరే ఉంది, టీవీ తీసేసినా అందరి ఫోన్లలో కనిపిస్తుంది. పట్టీలు లెక్కపెట్టిందీ, ముత్తమ్మ చెయ్యి పట్టుకుని నిజం చెప్పించిందీ నేనే. తొమ్మిది రోజులు శోభను కాపాడిన అబద్ధాన్ని నేనే బయటికి లాగాను.

"తీసేస్తున్న," అన్నాడు రాఘవేందర్.

గ్రూపు తెరిచాను. మెసేజ్ నా కళ్ల ముందే మాయమైంది. కానీ అప్పటికే దాని కింద జవాబులు వరసగా పడి ఉన్నాయి. అయ్యో పాపం అని కొందరు, దండం పెట్టిన బొమ్మలు కొందరు. అన్నిటికన్నా కింద, పదకొండూ ముప్పై ఎనిమిదికి, మధు.

*మంచి పని జేసిన్రు సార్. ఇగ రేపటి సంది నిజమేందో బోర్డే జెప్తది. పొద్దుగాల ఆరింటికే లేచి నేను గూడ జూస్త.*

లోపల ముత్తమ్మ పొయ్యి వెలిగిస్తోంది. కూతురు బతికుందని తెలిశాక మొదటిసారి ఆకలేసిందట, నాకూ కలిపి వండుతానంది. ఎక్కడో తలుపు వేసిన గదిలో శోభకు ఇదేమీ తెలియదు. రేపు ఆరున్నరకు ఆమె లేస్తుంది, వేలు తుడుచుకుంటుంది, పక్కన సూది గుచ్చుకుని తన నంబరు కొడుతుంది.